నాంచారమ్మ గాజు చెరువు

1. పాత తొట్టి

నాంచారమ్మది కైకలూరు దగ్గర ఒక పల్లె. ఊరి చుట్టూ చేపల చెరువులే. ఆమె భర్త వెంకన్న ఒక చెరువు గట్టు మీద కాపలా ఉంటాడు. నాంచారమ్మ కైకలూరులో రెండు ఇళ్ళలో పని చేస్తుంది. పొద్దుగూకాక రాత్రి బడికి వెళ్తుంది. ఆమెకు చదవడం, రాయడం వచ్చి ఏడాది అయింది. సంచిలో ఎప్పుడూ ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను ఉంటాయి.

ఆమె కూతురు దుర్గ కువైట్‌లో ఉంది. అక్కడ ఒక ఇంట్లో పని చేస్తుంది. దుర్గ కొడుకు బుజ్జి నాలుగో తరగతి. అమ్మమ్మ, తాతల దగ్గరే ఉంటున్నాడు.

నాంచారమ్మ పని చేసే ఒక ఇంటివాళ్ళకు బదిలీ అయింది. సామాను సర్దుతుంటే డాబా మీద ఒక గాజు తొట్టి కనబడింది. రెండేళ్ళుగా అక్కడే పడి ఉంది. అద్దాల నిండా తెల్లటి చారలు. అడుగున ఎండిన నాచు. ఒక మూల చెత్తతో కలిసిన గులకరాళ్ళు. పక్కన ఒక గాలి మోటరు, నల్లబడ్డ స్పాంజి.

"ఇది తీసుకెళ్తావా నాంచారమ్మా? లేకపోతే పాత సామాన్లవాడికి వేసేస్తాం" అన్నారు అమ్మగారు.

నాంచారమ్మకు బుజ్జి గుర్తొచ్చాడు. తొట్టిని గోనెసంచిలో చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చింది. బుజ్జి ఎగిరి గంతేశాడు. ఆ రాత్రి ఫోనులో వాళ్ళమ్మకు తొట్టి చూపించాడు.

"నేను వచ్చేదాకా నీ చేపల్ని బాగా చూసుకో నాన్నా. వచ్చాక ఇద్దరం కలిసి చూద్దాం" అంది దుర్గ.

2. ఆరు చేపలు

మర్నాడు నాంచారమ్మ తొట్టిని బట్టల పౌడరు వేసి తోమింది. గిన్నెలు తోమే పీచుతో రుద్దింది. తళతళలాడేలా చేసింది. కుళాయి నీళ్ళు పట్టి నింపింది. అదే సాయంత్రం సంతలో ఆరు రంగు చేపలు కొని తెచ్చింది. 120 రూపాయలు అయింది. సంచి మూతి విప్పి చేపల్ని తొట్టిలో గుమ్మరించింది.

బుజ్జి ఆనందం చెప్పతరం కాదు. గుప్పెడు మేత తీసి నీళ్ళలో చల్లాడు.

తెల్లారేసరికి నాలుగు చేపలు వెల్లకిలా తేలాయి. మిగతా రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి అవీ పోయాయి.

బుజ్జి అన్నం తినలేదు. బడికీ వెళ్ళలేదు. రాత్రి పడుకున్నాక మెల్లగా అడిగాడు.

"అమ్మమ్మా, నేను మేత ఎక్కువ వేశాననా? అమ్మకి ఏం చెప్పాలి?"

నాంచారమ్మ గుండె కలుక్కుమంది. వాణ్ణి దగ్గరకు తీసుకుంది. "నీ వల్ల కాదురా. ఎందుకు పోయాయో నాకూ తెలీదు. తెలుసుకుందాం" అంది.

వెంకన్న చెరువు నుంచి వచ్చి సంగతి విన్నాడు. "ఏమే, చెరువులో చేప వదలాలంటే ముందు చెరువు ఎండబెడతాం. సున్నం చల్లుతాం. నీళ్ళు పెట్టి కొన్నాళ్ళు ఆగుతాం. ఆ తర్వాతే పిల్ల వదులుతాం. నువ్వు ఒక్కపూటలో చెరువు చేసేశావు" అన్నాడు.

3. చేపలు అమ్మనన్న దుకాణం

ఆదివారం నాంచారమ్మ, బుజ్జి ఏలూరు వెళ్ళారు. అక్కడ రంగు చేపల దుకాణం ఉంది. దుకాణం చూసే కుర్రాడికి జరిగిందంతా చెప్పారు.

"మామ్మగారూ, ఈరోజు మీకు చేపలు అమ్మను" అన్నాడు ఆ కుర్రాడు.

నాంచారమ్మ ఆశ్చర్యపోయింది. "డబ్బులు ఇస్తాను బాబూ."

"డబ్బుల కోసం కాదండీ. ఇప్పుడు ఇస్తే ఇవీ పోతాయి. ముందు తొట్టి తయారు చేయండి. కారణాలు చెప్తాను, రాసుకోండి."

నాంచారమ్మ పుస్తకం తీసింది. ఇలా రాసుకుంది.

ఒకటి: సబ్బు. ఎంత కడిగినా సందుల్లో, మూలల్లో కొంచెం మిగులుతుంది. అది చేపల మొప్పలను పాడు చేస్తుంది. మొప్పలతోనే చేప ఊపిరి తీసుకుంటుంది.

రెండు: కుళాయి నీళ్ళు. పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. అందులో క్లోరిన్ ఉంటుంది. మనం తాగే నీళ్ళలో క్రిములను అది చంపుతుంది. అందుకే అది మనకు మేలు. చేపకు మాత్రం విషం.

మూడు: తొందర. సంచిలోని నీళ్ళు వేరు, తొట్టిలో నీళ్ళు వేరు. ఒక్కసారి మారిస్తే చేప తట్టుకోలేదు.

నాలుగు: మేత. తినగా మిగిలిన మేత కుళ్ళి నీళ్ళు పాడవుతాయి.

బుజ్జి తల వంచుకున్నాడు. కుర్రాడు అది చూశాడు.

"ఒక్క రాత్రిలో చేపలు పోయాయంటే ముఖ్యంగా సబ్బు, క్లోరిన్ పని తమ్ముడూ. మేత సంగతి తర్వాత నేర్చుకుందువుగాని" అన్నాడు.

బస్సులో నాంచారమ్మ మనవడితో అంది: "విన్నావుగా? సబ్బు పెట్టింది నేను. కుళాయి నీళ్ళు పోసిందీ నేనే. తప్పు నాది. ఈసారి పుస్తకంలో రాసింది రాసినట్టు చేద్దాం."

బుజ్జి ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

4. తొట్టి కడగడం

ఈసారి నాంచారమ్మ సబ్బు జోలికి పోలేదు. ముందుగా తొట్టిని మంచినీళ్ళతో ఐదారు సార్లు కడిగింది. సబ్బు వాసన, నురగ లేవని చూసుకుంది.

అద్దాల మీద తెల్లటి చారలు ఇంకా పోలేదు. అవి ఉప్పు నీళ్ళు ఎండగా మిగిలిన సున్నపు మరకలు. పులుపు తగిలితే కరుగుతాయి. ఇత్తడి బిందె తోమడానికి మనం చింతపండు వాడతాం కదా. ఇదీ అలాంటిదే. నాంచారమ్మ నిమ్మచెక్కతో అద్దాన్ని రుద్దింది. పావుగంట నాననిచ్చింది. తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచింది. మొండి మరకలకు నిమ్మచెక్క మీద కల్లుప్పు అద్ది రుద్దింది. చారలు పోయాయి.

ఇసుకతో, ఇనప పీచుతో తోమకూడదు. గాజు మీద గీతలు పడతాయి. ఆ గీతల్లో నాచు చేరుతుంది.

ఎండిన నాచును పాత బ్లేడుతో గీకింది. అద్దాలు కలిసే మూలల దగ్గర మాత్రం బ్లేడు పెట్టలేదు. అక్కడ అద్దాలను పట్టి ఉంచే రబ్బరులాంటి జిగురు ఉంటుంది. దాని పేరు సిలికాన్. అది తెగితే నీళ్ళు కారతాయి.

ఒక జాగ్రత్త! మరకలకు నిమ్మరసం గానీ వెనిగర్ గానీ వాడితే, దానితో బ్లీచింగ్ పౌడరు కలపకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. అది పీలిస్తే ప్రాణానికే ముప్పు.

గులకరాళ్ళను నాంచారమ్మ బియ్యం కడిగినట్టు కడిగింది. పది సార్లు కడిగాక నీళ్ళు తేటగా వచ్చాయి. తర్వాత వాటి మీద వేడినీళ్ళు పోసి, ఎండలో ఆరబెట్టింది.

బుజ్జి చెరువు గట్టు మీద గుల్లలు ఏరుకొచ్చాడు. "ఇవి కూడా వేద్దాం అమ్మమ్మా!" అన్నాడు. నాంచారమ్మ ఒక గుల్ల మీద నిమ్మరసం పిండింది. బుసబుసా పొంగింది.

"చూశావా? ఇందులో సున్నం ఉంది. ఇది నీళ్ళలో కొద్దికొద్దిగా కరుగుతుంది. మన నీళ్ళే ఉప్పన. ఇంకా ఎందుకు?" అంది. గుల్లలను బుజ్జి కిటికీలో పేర్చుకున్నాడు.

5. కారుతోందా?

తొట్టిని ఇంట్లో పెట్టక ముందే నీళ్ళు పోసి చూడాలి. నాంచారమ్మ వాకిట్లో చదునైన చోట ఒక పాత దుప్పటి పరిచింది. దాని మీద తొట్టి పెట్టి నీళ్ళు పోసింది. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో బొగ్గుతో గీత గీసింది. చుట్టూ పాత కాగితాలు పరిచింది.

మర్నాడు చూస్తే ఒక మూల కాగితం తడిసి ఉంది. నీళ్ళు గీతకు రెండు వేళ్ళు కిందకు దిగాయి.

మళ్ళీ దుకాణానికి ఫోను చేసింది. కుర్రాడు చెప్పాడు: "పాత సిలికాన్ మీద కొత్తది సరిగా అంటుకోదు మామ్మగారూ. లోపలి మూలల్లో ఉన్న పాతదంతా బ్లేడుతో గీకేయండి. అద్దాల మధ్యలో ఉన్నదాన్ని కదపొద్దు. తుడిచి, బాగా ఆరనివ్వండి. తర్వాత మూలల వెంట కొత్తది వేయండి. చేపల తొట్టికి పనికొచ్చేదే అడిగి కొనండి. స్నానాల గదికి వాడే రకంలో బూజు పట్టకుండా మందు కలుపుతారు. అది చేపలకు విషం."

వెంకన్న కూర్చుని నింపాదిగా ఆ పని చేశాడు. వలలు బాగుచేసే చేతులు కదా, ఎక్కడా ఖాళీ వదల్లేదు. కొత్త సిలికాన్ నుంచి పుల్లటి వాసన వచ్చింది. మూడు రోజులు తొట్టిని ముట్టుకోలేదు. వాసన పోయాక మళ్ళీ నీళ్ళు పోశారు. ఒక పగలు, ఒక రాత్రి చూశారు. గీత దగ్గరే నీళ్ళు నిలిచాయి. కాగితం పొడిగా ఉంది.

6. ఎక్కడ పెట్టాలి?

బుజ్జి టీవీ బల్ల మీద పెడదామన్నాడు. నాంచారమ్మ పుస్తకం తీసి లెక్క వేసింది.

తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు. వెడల్పు 30. నీళ్ళు నిలిచే ఎత్తు 25.

60 × 30 × 25 = 45,000

వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు. అంటే తొట్టిలో సుమారు 45 లీటర్ల నీళ్ళు. లీటరు నీళ్ళు కిలో బరువు. నీళ్ళే 45 కిలోలు. రాళ్ళు, గాజు కలిపితే బియ్యం బస్తా అంత బరువు అవుతుంది.

"బియ్యం బస్తాను ఆ ఊగే బల్ల మీద పెడతామా?" అని అడిగింది. బుజ్జి నవ్వి తల అడ్డంగా ఊపాడు.

గోడ పక్కన సిమెంటు గట్టు మీద పెట్టారు. కింద ఒక థర్మాకోల్ అట్ట వేశారు. గట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా అట్ట సర్దుకుంటుంది. అద్దం పగలదు. కిటికీ ఎండ నేరుగా పడే చోట పెట్టలేదు. ఎండ తగిలితే నీళ్ళు పచ్చబడతాయి, వేడెక్కుతాయి.

నీళ్ళు నింపాక తొట్టిని జరపకూడదు, ఎత్తకూడదు. జరిపితే అతుకులు విడిపోతాయి.

7. నీళ్ళు, గాలి, కరెంటు

ముందుగా రాళ్ళు రెండు అంగుళాల మందాన పరిచారు. వాటి మీద ఒక పళ్ళెం పెట్టి, ఆ పళ్ళెంలోకి మెల్లగా నీళ్ళు పోశారు. అలా పోస్తే రాళ్ళు చెదరవు.

కుళాయి నీళ్ళను వెడల్పు మూతి ఉన్న బకెట్లలో పట్టి, ఒక పగలు ఒక రాత్రి తెరిచి ఉంచారు. అలా ఉంచితే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. తొందరగా కావాలంటే క్లోరిన్ పోగొట్టే మందు దొరుకుతుంది. సీసా మీద రాసిన కొలతే వేయాలి. కంటి అంచనాతో పోయకూడదు.

పాత గాలి మోటరు పని చేస్తోంది. గొట్టం మాత్రం గట్టిపడి పగిలింది. కొత్త గొట్టం, కొత్త స్పాంజి కొన్నారు. మోటరు గాలిని గొట్టంలోకి పంపుతుంది. గాలి బుడగలుగా పైకి వస్తుంది. బుడగలతో పాటు తొట్టి నీళ్ళు స్పాంజిలోంచి లాగబడతాయి. చెత్త స్పాంజిలో చిక్కుతుంది. బుడగలు నీటిని కదిలిస్తాయి. కదిలే నీటిలో ప్రాణవాయువు బాగా కలుస్తుంది.

"మా చెరువులో తిరిగే చక్రాలు చేసే పనే ఇది. తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే మేం చక్రాలు తిప్పుతాం" అన్నాడు వెంకన్న.

కరెంటు దగ్గర మూడు జాగ్రత్తలు పాటించారు.

మోటరును నీటి మట్టం కంటే పైన, గోడకు తగిలించారు. కింద పెడితే, కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి మోటరులోకి వస్తాయి.

వైరును ప్లగ్గు కంటే కిందకు వంచి, మళ్ళీ పైకి తీసుకెళ్ళారు. వైరు మీద నీళ్ళు జారినా ఆ వంపు దగ్గర కారిపోతాయి. ప్లగ్గులోకి పోవు.

తొట్టిలో చేయి పెట్టే ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు తీస్తారు. తడి చేత్తో ముట్టుకోరు.

8. కంటికి కనపడని పనివాళ్ళు

అంతా అయింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. "ఇక చేపలు తెద్దామా?" అన్నాడు బుజ్జి.

"ఇంకా లేదు. ఇప్పుడే అసలు పని" అంది నాంచారమ్మ. పుస్తకంలో రాసుకున్నది చదివి వినిపించింది.

చేప నీళ్ళలోనే తింటుంది, నీళ్ళలోనే విసర్జిస్తుంది. ఆ మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. పశువుల కొట్టంలో ముక్కుకు ఘాటుగా తగిలే వాసన అదే. కొంచెం అమ్మోనియా ఉన్నా చేపకు హాని.

నీళ్ళలో కంటికి కనపడని మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. ఇంకొన్ని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ తక్కువగా ఉంటే చేపకు హాని లేదు. మొక్కలకు అది ఎరువు. మిగిలినదాన్ని మనం నీళ్ళు మార్చి తీసేస్తాం.

ఈ సూక్ష్మజీవులు స్పాంజిలో, రాళ్ళ మీద కాపురం పెడతాయి. అవి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. డాబా మీద ఎండిన స్పాంజిలో అవి బతికి ఉండవు. కడిగి ఆరబెట్టిన తొట్టిలోనూ ఉండవు. అందుకే పాత తొట్టి అయినా, కొత్త తొట్టి అయినా మళ్ళీ మొదటి నుంచే మొదలు.

"పెరుగు తోడు పెట్టినట్టా అమ్మమ్మా?" అన్నాడు బుజ్జి.

"అచ్చం అంతే!" అంది నాంచారమ్మ. దుకాణం కుర్రాడు కూడా తోడు ఇచ్చాడు మరి. బాగా నడుస్తున్న తన తొట్టిలోంచి ఒక మురికి స్పాంజి ముక్క తడిగానే సంచిలో పెట్టి ఇచ్చాడు. దాన్ని కొత్త స్పాంజి పక్కన పెట్టారు.

9. క్యాలెండరు మీద గుర్తులు

సూక్ష్మజీవులకూ తిండి కావాలి. అందుకని చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వేశారు. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. ఆ అమ్మోనియాయే వాటి తిండి. మోటరును రాత్రీ పగలూ నడిపారు.

మేత వేసిన ప్రతిరోజూ బుజ్జి క్యాలెండరు మీద ఒక చుక్క పెట్టాడు. ఇరుగుపొరుగు వచ్చి నవ్వారు. "చేపలు లేని తొట్టికి మేత వేస్తున్నావేంటి నాంచారమ్మా?" అన్నారు. నాంచారమ్మ వాళ్ళకు తన పుస్తకం చదివి వినిపించింది. నవ్వినవాళ్ళే కూర్చుని విన్నారు.

వారానికి ఒకసారి సీసాలో తొట్టి నీళ్ళు దుకాణానికి పంపారు. అక్కడ మందు చుక్కలు వేసి చూస్తారు. మొదటి వారం నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. అంటే అమ్మోనియా ఉంది. మూడో వారం అమ్మోనియా తగ్గి, నైట్రైట్ పెరిగింది. ఐదో వారం అమ్మోనియా సున్నా. నైట్రైట్ సున్నా.

"ఇప్పుడు రండి మామ్మగారూ. చేపలు అమ్ముతాను" అన్నాడు కుర్రాడు.

అప్పటికి క్యాలెండరు మీద 35 చుక్కలు ఉన్నాయి.

10. చేపలు వచ్చాయి

చేపలు తేవడానికి ముందు తొట్టిలో సగం నీళ్ళు తీసి, నిలవ ఉంచిన కొత్త నీళ్ళు పోశారు.

బుజ్జి గోల్డ్‌ఫిష్ అడిగాడు. కుర్రాడు వద్దన్నాడు. గోల్డ్‌ఫిష్ జానెడు దాకా పెరుగుతుంది. చాలా మలినం చేస్తుంది. 45 లీటర్లు దానికి చాలవు. గప్పీలు చిన్నవి, గట్టివి. కాస్త ఉప్పన నీళ్ళను కూడా తట్టుకుంటాయి. మొదటిసారి మూడే ఇచ్చాడు. ఒక మగది, రెండు ఆడవి. కొన్ని రోజులు ఆగి మరికొన్ని తీసుకోవాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే సూక్ష్మజీవులకు పని ఎక్కువైపోతుంది.

ఇంటికి వచ్చాక సంచి విప్పకుండానే తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చారు. ఇరవై నిమిషాలు ఆగారు. తర్వాత సంచిలో కొంచెం కొంచెం తొట్టి నీళ్ళు కలిపారు. చివరికి చేపల్ని వలతో తీసి వదిలారు. సంచి నీళ్ళు తొట్టిలో పోయలేదు.

బుజ్జి మేత సీసా తీశాడు. చేయి ఆగిపోయింది. అమ్మమ్మ వైపు చూశాడు.

"వెయ్యి నాన్నా. రెండు వేళ్ళ మధ్య పట్టినంత. రెండు మూడు నిమిషాల్లో తినేయాలి, మిగలకూడదు" అంది నాంచారమ్మ.

వాడు వేశాడు. చేపలు పైకొచ్చి తిన్నాయి. అడుగున ఒక్క పలుకూ మిగల్లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి నాంచారమ్మకు మెలకువ వచ్చింది. దీపం వేసి తొట్టి దగ్గరకు వెళ్ళింది. బుజ్జి అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

"మూడూ ఉన్నాయి అమ్మమ్మా" అన్నాడు.

11. చెరువులో వదలొద్దు

తర్వాత ప్రతి ఆదివారం ఒక బకెట్టు నీళ్ళు, అంటే పావు వంతు, తీసి కొత్తవి పోశారు. తీసిన నీళ్ళలోనే స్పాంజిని పిండి కడిగారు. కుళాయి కింద కడిగితే మంచి సూక్ష్మజీవులు చస్తాయి. ఆ పాత నీళ్ళను బంతి మొక్కలకు పోశారు.

పక్కింటి పిల్లాడు సక్కర్ చేప కొనమన్నాడు. "అద్దాలకు పట్టిన నాచు అదే తింటుంది" అన్నాడు.

వెంకన్న ఒప్పుకోలేదు. "ఆ చేప మన దేశానిది కాదురా. పెద్దదయ్యాక తొట్టిలో పట్టక ఎవరో కాలవలో వదిలేస్తారు. అది చెరువుల్లోకి వస్తుంది. ఒంటి నిండా ముళ్ళు. వల చిరుగుతుంది, చేతులు కోసుకుపోతాయి. ఎవరూ కొనరు, తినరు" అన్నాడు.

ఇది నిజం. సక్కర్ చేప దక్షిణ అమెరికాది. అలంకారం కోసం తెచ్చిన ఈ చేప ఇప్పుడు మన కాలవల్లో, చెరువుల్లో పెరిగి జాలరులకు బెడదగా మారింది. గప్పీలదీ ఆ ఖండమే. అవి దోమ పిల్లలను తింటాయి. అందుకే మన దేశంలో దోమల నివారణకు వాటిని నీటి తొట్లలో వేస్తుంటారు. కానీ వేటిని ఎక్కడ వేయాలో ఆరోగ్య శాఖవాళ్ళే చెప్పాలి. తొట్టి చేపలు ఎక్కువైతే ఇంకొకరికి ఇవ్వాలి, లేదా దుకాణానికి తిరిగి ఇవ్వాలి. కాలవలో, చెరువులో, కొల్లేటిలో వదలకూడదు.

12. పుస్తకంలో చివరి మాట

నెల దాటింది. ఒకరోజు బడి నుంచి వచ్చిన బుజ్జి కేక పెట్టాడు. తొట్టిలో తేలే నాచు మొక్కల మధ్య సన్నటి గీతల్లా ఏవో కదులుతున్నాయి. గప్పీ పిల్లలు! గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పెద్ద చేపలు పిల్లల్ని తినేస్తాయి. నాచు గుబురుగా ఉంటే పిల్లలు అందులో దాక్కుంటాయి. బుజ్జి లెక్కపెట్టాడు. పదకొండు.

ఆ రాత్రి దుర్గ ఫోను చేసింది. బుజ్జి ఫోనును అద్దానికి దగ్గరగా పెట్టాడు. దుర్గ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అమ్మా, ఇదంతా ఎలా చేశావే?" అని అడిగింది చివరికి.

నాంచారమ్మ తన నోటు పుస్తకం తెరిచి ఫోను ముందు పెట్టింది. పెద్ద పెద్ద అక్షరాలు. కొన్నిచోట్ల కొట్టివేతలు. "నువ్వే చదువుకో. నేను రాశాను" అంది.

దుర్గ కువైట్‌లో కూర్చుని అమ్మ రాసిన అక్షరాలు చదివింది. అమ్మ చేతిరాతను ఆమె చూడడం అదే మొదటిసారి.

గుర్తుంచుకోండి

తొట్టిని సబ్బుతో, బట్టల పౌడరుతో కడగకూడదు.
ఇంట్లో పెట్టే ముందు నీళ్ళు పోసి ఒక పగలు, ఒక రాత్రి చూడాలి.
కుళాయి నీళ్ళను నిలవ ఉంచి వాడాలి.
చేపలు వేసే ముందు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.
మేత తక్కువ వేయాలి. నీళ్ళు వారానికి పావు వంతు మార్చాలి.
నీళ్ళలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయాలి.

కొత్త మాటలు

మొప్పలు: చేప ఊపిరి తీసుకునే భాగం
సూక్ష్మజీవులు: కంటికి కనపడనంత చిన్న ప్రాణులు
ప్రాణవాయువు: ఊపిరికి కావలసిన గాలి
మలినం: మురికి
ఘన సెంటీమీటరు: పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో సెంటీమీటరు ఉన్న కొలత

ప్రశ్నలు

1. మొదటిసారి తెచ్చిన ఆరు చేపలు ఎందుకు చనిపోయాయి?
2. దుకాణం కుర్రాడు చేపలు ఎందుకు అమ్మనన్నాడు? మీరైతే ఏం చేసేవారు?
3. స్పాంజిని కుళాయి కింద ఎందుకు కడగకూడదు?
4. బుజ్జి పెరుగు తోడుతో దేన్ని పోల్చాడు?
5. సక్కర్ చేప వద్దని వెంకన్న ఎందుకన్నాడు?

లెక్క చేయండి

1. ఒక తొట్టి పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 20, నీళ్ళ ఎత్తు 20. అందులో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయి? ఆ నీళ్ళ బరువెంత? వారానికి ఎన్ని లీటర్లు మార్చాలి?
2. ఒక మందు సీసా మీద "10 లీటర్లకు 5 చుక్కలు" అని ఉంది. పై తొట్టికి ఎన్ని చుక్కలు వేయాలి?

రాయండి

మీరు ఒక పని మొదట తప్పుగా చేసి, తర్వాత నేర్చుకుని సరిగా చేశారా? దాన్ని ఐదు వాక్యాలలో రాయండి. దూరంగా ఉన్న మీ వాళ్ళకు పంపండి.